తల ఎత్తకుండా కొట్టమన్నారు

మా మనవరాలికి గోల్ఫ్ నేర్పింది నేనే. ఈ మాట అంటే మా వీధి ఆడవాళ్ళు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతారు. నవ్వనీ. మూడో తరగతి మధ్యలో పలక పక్కన పెట్టి వరి ఉడుపులకు వెళ్ళినదాన్ని నేను. ఆ ఆటలో ఏ కర్రను ఏమని పిలుస్తారో నాకు ఇప్పటికీ సరిగ్గా తెలియదు. అయినా ఒక వేసవి అంతా దాని పక్కన నిలబడి నేర్పాను. ఎలా నేర్పానో మాత్రం మా అమ్మాయికి కూడా చెప్పలేదు.

మాది భోగాపురం దగ్గర ఒక పల్లె. మా ఊరికి సముద్రం వైపున పెద్ద హోటలు కట్టారు. గదులు లేచాక, ముందున్న ఇసుక నేల మీద ఎర్రమట్టి తోలించి గడ్డి నాటించాలనుకున్నారు. మేస్త్రి మా ఊరొచ్చి, వరి ఉడిచే ఆడవాళ్ళే కావాలన్నాడు. పన్నెండు మందిమి వెళ్ళాం. మొదటిరోజు మాకు నవ్వాగలేదు. పుట్టిన దగ్గర్నుంచి గడ్డి పీకిన చేతులు మావి.

నా పక్క వరసలో వంగి ఉన్న ఆవిడ అడిగింది. "అప్పా, ఈ గడ్డి ఏ గేదె తింటాదే?"

"గేదె తినదు. డబ్బున్నోలు తొక్కుతారట."

"తొక్కడానికి నాటడమేటే ఒలమ్మా!"

వరి ఉడిచినట్టే తాడు కట్టి, వెనక్కి నడుస్తూ, రెండేసి పరకలు గుచ్చుకుంటూ పోయాం. రెండు వానలకి నేల కనపడకుండా కమ్ముకుంది. నాటడం అయ్యాక నన్నూ ఇంకో ముగ్గుర్నీ కలుపు తీయడానికి ఉంచేశారు. అలా ఆ హోటల్లో నాకు పని నిలిచింది.

మా అమ్మాయి రొయ్యల కంపెనీలో పని చేస్తుంది. పొద్దున్నే వ్యానెక్కితే సాయంత్రమే రావడం. అల్లుడు లారీ మీద తిరుగుతాడు. అందుకని బడి లేని రోజుల్లో పిల్లని నా వెంట తీసుకెళ్ళేదాన్ని. అప్పుడు దానికి ఏడో ఏడు నడుస్తోంది. నేను కలుపు తీస్తుంటే కొబ్బరిచెట్టు నీడలో కూర్చునేది. అల్లరి చేసేది కాదు. నా దగ్గర అల్లరి సాగదని దానికి తెలుసు.

ఆదివారాలు విశాఖపట్నం నుంచి ఒక మాస్టారు వచ్చి, హోటల్లో దిగినవాళ్ళ పిల్లలకి ఆ గడ్డి మీద గోల్ఫ్ నేర్పేవారు. తలకి టోపీ, ఎండకి కమిలిన మెడ, మెత్తని మాట. ఒక ఆదివారం నేను తల తిప్పి చూసేసరికి ఆయన మా పిల్ల దగ్గర నిలబడి ఉన్నారు. అది ఎండిన కొబ్బరిమట్ట ముక్క పట్టుకుని, రాలిన పిందెల్ని ఒకదాని తర్వాత ఒకటి కొడుతోంది. పరుగెత్తుకెళ్ళి దాని చెవి పట్టుకున్నాను.

"ఏటి సేస్తన్నావే? కదలకుండా కూకోమన్నానా నేదా?"

"చెవి వదలండమ్మా" అన్నారు మాస్టారు. "ఈ పిల్ల భుజం తిరగడం చూశారా? ఇది నేర్పితే వచ్చేది కాదు. ఎవరి పిల్ల?"

"నా కూతురి పిల్ల సార్. మరి సెయ్యదు సార్."

"చెయ్యనివ్వండి."

ఆ తర్వాత ఆయనే హోటలు మేనేజరుతో మాట్లాడి, పనివాళ్ళ పిల్లలు కూడా నేర్చుకోవచ్చని ఒప్పించారు. పది పన్నెండు మంది చేరారు. వేసవి చివర వాళ్ళలో నలుగుర్ని ఏరుతామని, ఆ నలుగురూ విశాఖపట్నం వెళ్ళి అక్కడి పిల్లలతో ఆడతారని, ఏడాదంతా వాళ్ళకి తానే నేర్పుతానని చెప్పారు. ఆ రోజు నుంచి మా పిల్లకి వేరే ధ్యాస లేదు. ముద్ద కలుపుతుంటే అడిగేది. జడ వేస్తుంటే అడిగేది.

"అమ్మమ్మా, నాను ఆ నలుగుర్లో ఉంటానా?"

"కదలకు. పాపిడి వంకర పోతాది."

"ఉంటానా, ఉండనా?"

"ఉంటే ఉంటావు, నేకపోతే నేదు. సారు సేతిలో ఉన్నాది."

ఆయన చేతిలో ఉందనే అనుకున్నాను. కానీ వాళ్ళింట్లో పెళ్ళి పనులు వచ్చి, నాలుగు ఆదివారాలు రాలేనన్నారు. వెళ్ళే ముందు పిల్లలందరికీ ఇంటి దగ్గర ఆడుకోమని ఏదో ఒకటి ఇచ్చారు. మా పిల్లకి పొట్టిగా కోసిన కర్ర ఒకటి, మూడు బంతులు ఇచ్చారు. తెల్లటి బంతులు, రాయిలా గట్టివి, ఒంటినిండా సొట్టలు. నన్ను పక్కకి పిలిచి, పాదాలు ఎలా పెట్టాలో, ఎలా వంగాలో, కర్ర ఎంత ఎత్తాలో చూపించారు. వంగడం చూసి నాకే నవ్వొచ్చింది. మోకాళ్ళు వదులుగా, నడుం నిటారుగా పెట్టి వంగడం మాకు ఉడుపు మళ్ళోనే అలవాటు. నేను వంగి చూపిస్తే ఆయన చప్పట్లు కొట్టారు.

"ఈ నెల మీరే మాస్టారు" అన్నారు. "ఒక్కటి మాత్రం మర్చిపోకండమ్మా. కొట్టేటప్పుడు తల ఎత్తకూడదు. బంతి వెళ్ళిపోయాక కూడా, అది ఉన్న చోటునే ఒక్క క్షణం చూస్తూ ఉండాలి. ఎటు వెళ్ళిందో చూద్దామని తల ఎత్తారా, దెబ్బ బంతి నెత్తిన పడుతుంది. గాల్లోకి లేవదు."

"మరి బంతి దొరికేదెలగ సార్?"

ఆయన నవ్వేశారు. "పోతే పోతుందమ్మా. బంతిదేముంది!"

ఆ మాట నాకు నచ్చలేదు. వాళ్ళకి బకెట్లకొద్దీ ఉన్నాయి, పోతే పోతుంది అంటారు. నాకు అలా అనడం చేతకాదు. చిన్నప్పుడు మా అమ్మ నన్ను పరిగె ఏరడానికి తీసుకెళ్ళేది. రైతు పనలు ఎత్తించుకున్నాక మళ్ళో రాలిన కంకులు ఏరుకోనిచ్చేవారు. పన ఎత్తుతున్నప్పుడే ఎక్కడ ఏ కంకి రాలిందో చూసి పెట్టుకోమనేది మా అమ్మ. చూడక వదిలేస్తే వీపు మీద ఒకటి పడేది. ఆ కళ్ళే నాకు ఇప్పటికీ ఉన్నాయి. ఒక అగ్గిపుల్ల గీస్తే దానితోనే దీపమూ పొయ్యీ వెలగాలి. చింతపండు పిసికిన పిప్పి పారేయను, చెంబులు తోముతాను. అలాంటిదాని చేతిలో పరాయివాళ్ళ బంతులు మూడు పెట్టారు. పోతే ఏ ముఖంతో అడగను?

మా ఇంటి వెనక ఉలవ చేను కోసేసి ఉంది. దాని చివర జీడితోట. అక్కడే రోజూ పని నుంచి వచ్చాక నేర్పేదాన్ని. ఉడుపు తాడు నేల మీద పరిచి, దాని వెంట పాదాలు పెట్టించేదాన్ని. నడుం గూనిగా వంచితే వేలితో పొడిచేదాన్ని. మొదటి మూడు నాలుగు రోజులూ అది తల దించుకునే కొట్టింది. సారు చెప్పింది నేను చెప్పాను, నేను చెప్పింది అది చేసింది. బంతి లేచి పోతుంటే చప్పుడే వేరుగా ఉండేది. ఎండిన జీడికొమ్మ ఒక్క విరుపుకి విరిగినట్టు.

అయిదో రోజున ఒక బంతి జీడితోటలో పడింది. ఎక్కడ పడిందో అది చూడలేదు. ఎదురుగా పొద్దు ఉండి నేనూ చూడలేదు. జీడి ఆకులు మోకాలి లోతున రాలి ఉన్నాయి. నేను ఆ రోజు అన్న మాటలు నాకు బాగా గుర్తున్నాయి.

"దొరికేదాకా గుమ్మం ఎక్కావంటే కాళ్ళిరగ్గొడతాను."

అది వెతికింది. నేను పొయ్యి దగ్గర కూర్చుని, వెనక తలుపు తీసి ఉంచి, ఆకుల చప్పుడు వింటూ కూర్చున్నాను. కొమ్మల మీంచి ఎర్రచీమలు దాని మెడలో పడ్డాయి. పొద్దు గుంకే వేళకి బంతిని రెండు చేతులా పొట్టకి అదుముకుని వచ్చింది. మెడంతా దద్దుర్లు. ఏడవలేదు. ఏడిస్తే ఇంకా బాగుండేది.

కొబ్బరినూనె రాస్తూ అన్నాను. "ఎటెల్లిందో సూసుకుంటే ఈ బాధ ఉండునా? రేపట్నుంచి సూసుకో."

"సారు సూడొద్దన్నారు కదా అమ్మమ్మా."

"సారొచ్చి ఎతుకుతారేటి?"

అంతే. మర్నాటి నుంచి అది కర్ర ఎత్తగానే నేను పక్కనుంచి "సూడు, సూడు, ఎటెల్తందో సూడు!" అని అరిచేదాన్ని. వారం తిరక్కుండా దానికి అలవాటైపోయింది. కర్ర కిందికి రాకముందే తల లేచిపోయేది. దెబ్బ బంతి నెత్తిన పడేది. బంతి లేవడం మానేసి నేల మీద దొర్లడం మొదలెట్టింది. నేను సంతోషించాను. దొర్లే బంతి ఎక్కడికీ పోదు. మూడూ డబ్బాలో భద్రంగా ఉండేవి. కలుపు తీసే చోట గొప్పగా చెప్పుకున్నాను కూడా. "అందరి పిల్లలూ సెరో రెండు పారేసుకున్నారట. మాది ఒక్కటి పోగొట్టలేదు."

సారు చెప్పింది నాకు గుర్తు లేదని అంటే అది అబద్ధం. ప్రతిరోజూ గుర్తుంది. ఆట రోజుకి తల దించమని ఒక్క మాట చెబితే దించేస్తుందిలే అనుకున్నాను. చేతికి వచ్చిన అలవాటు ఒక్క మాటతో పోదని నాకు తెలియకపోవడమేమిటి? ఎడంచేత్తో ఉడిచేవాళ్ళని కుడిచేతికి మార్చడానికి ఎన్ని కార్తెలు పట్టేదో చూసినదాన్ని.

నలుగుర్ని ఏరే రోజు వచ్చింది. మాస్టారు, మేనేజరు, ఇంకో ఇద్దరు కుర్చీలు వేసుకుని కూర్చున్నారు. కలుపు తీసే మేం నలుగురం హద్దుకి కట్టిన తాడు ఇవతల నిలబడ్డాం. ఒక్కొక్కరికీ పది బంతులు. మా పిల్ల వంతు వచ్చేసరికి మాస్టారు పక్కవాళ్ళతో "ఈ పిల్లని చూడండి" అన్నారు. నాకు వినబడింది.

అది పాదాలు సరిగ్గా పెట్టింది. చక్కగా వంగింది. కర్ర ఎత్తింది. తల లేచింది. బంతి పది అడుగులు దొర్లి ఆగింది. రెండోదీ అంతే. మూడోదానికి మాస్టారు లేచి నిలబడ్డారు. నేను తాడు ఇవతలి నుంచి "తల దించే, దించు!" అన్నాను. అది నా గొంతు విని ఇంకా ముందే తల ఎత్తి నా వైపు చూసింది. కర్ర గాల్లో తిరిగింది, బంతి కదలలేదు. ఎవరి పిల్లలో నవ్వారు.

పదీ అయ్యాక మాస్టారు దాని ముందు గొంతుక్కూర్చున్నారు. "తల ఎందుకు ఎత్తుతున్నావమ్మా? నెల కిందట ఎత్తేదానివి కాదే?"

ఆయన నా వైపు తిరిగారు. "మీకు చెప్పాను కదమ్మా?"

అందరూ నన్నే చూస్తున్నారు. మేనేజరు చూస్తున్నాడు. నా పక్కనున్న ముగ్గురూ చూస్తున్నారు. ఒక్క బంతి పోగొట్టలేదని వాళ్ళ దగ్గరే కదా చెప్పుకున్నది. నా నోట్లోంచి వచ్చిన మాట ఇది.

"సెప్పేను సార్. రోజూ సెప్తన్నాను. మొండి గుంట సార్ ఇది. ఒక్క మాట ఇనదు."

అని ఊరుకున్నానా! తాడు దాటి వెళ్ళి దాని నెత్తిన ఒక మొట్టికాయ వేశాను.

మాస్టారు దాన్ని అడిగారు. "అమ్మమ్మ చెప్పిందా?"

అది నా ముఖంలోకి చూసింది. తర్వాత ఆయన వైపు తిరిగి, "సెప్పింది సార్. నానే మరిసిపోనాను" అంది.

నలుగుర్నీ ఏరారు. అందులో అది లేదు.

సాయంత్రం మా అమ్మాయి కంపెనీ నుంచి వచ్చింది. ఐసులో నాని తెల్లబడిన వేళ్ళతో కూతురి బుగ్గలు పట్టుకుంది.

"ఏటే, తీసుకున్నారా?"

"నేదమ్మా. నాకు రానేదు."

"అమ్మమ్మ అంత కష్టపడి నేర్పితే రానేదా? అమ్మమ్మ పేరు సెడగొట్టీసేవు కదే!" అని నవ్వి, దగ్గరకి లాక్కుంది.

నేను బియ్యంలో రాళ్ళు ఏరుతున్నాను. ఏరడానికి రాళ్ళేమీ లేవు. అయినా చేటలోకే చూస్తూ కూర్చున్నాను. అది తల్లితో నా మాట ఎత్తుతుందేమోనని చెవులు అటే పెట్టాను. ఎత్తలేదు. ఆ వారమంతా ఎత్తలేదు. కర్రకి గుడ్డ చుట్టి తలుపు మూల పెట్టింది. "సార్ కి ఇచ్చీయాలి కదా అమ్మమ్మా" అని ఒక్కసారి మాత్రం అంది. నాతో మామూలుగానే ఉంది. పిలిస్తే పలికింది, పెట్టింది తిన్నది. ఏ పని చేసేముందైనా ఒకసారి నా ముఖం చూసేది. నీళ్ళు ముంచుకునే ముందు కూడా. ఇది ఎప్పటినుంచీ ఉందో, ఆ వారమే నా కంటపడిందో తెలియదు.

ఆదివారం కర్రా బంతులూ పట్టుకుని ఒక్కదాన్నే వెళ్ళాను. మాస్టారు పాక కింద నీళ్ళు తాగుతున్నారు. ఎదురుగా ఆ నలుగురు పిల్లలూ ఆడుతున్నారు. జరిగింది చెప్పాను. చీమల సంగతి కూడా చెప్పాను. ఆయన సీసా మూత బిగిస్తూ విన్నారు.

"ఎందుకలా చేశారమ్మా?"

"బంతులు పోతాయని సార్."

"అది సరే. తప్పు పిల్లదని ఎందుకన్నారు?"

కొంగు చివర నలుపుకుంటూ నిలబడ్డాను. నాకు అరవై దాటాయి. నా ముందు ఎంతమంది పిల్లలు అలా నిలబడ్డారో!

"ఆ నలుగురి పేర్లూ విశాఖపట్నం వెళ్ళిపోయాయి. ఇంకోసారి ఎంపిక పెడతారో లేదో నా చేతిలో లేదు" అన్నారాయన. "కర్ర ఉండనివ్వండి. బంతులూ ఉండనివ్వండి. పిల్లకి చెప్పారా?"

"ఏటని సార్?"

"నాకు చెప్పిందే."

ఇంటికి నడుస్తూ ఎలా చెప్పాలా అని చూసుకున్నాను. మా ఇళ్ళల్లో పెద్దవాళ్ళు పిల్లలతో అలాంటి మాట అనరు. ఒకసారి బెల్లం దొంగతనం నా మీద వేసి మా అమ్మ కొట్టింది. తర్వాత ఆ బెల్లం అటక మీద దొరికింది. ఏమీ అనలేదు, ఆ పూట నా గంజిలో ఒక బెల్లం ముక్క ఎక్కువ వేసింది. నాకు ఆ పద్ధతే వచ్చు. మధ్యాహ్నం పులుసులోంచి పెద్ద చేపముక్క తీసి మనవరాలి కంచంలో వేశాను. అది నా ముఖం చూసి, ముక్కని గిన్నెలోకి తీసేసింది. "అమ్మకుంచుతాను" అంది.

పొద్దు కాస్త చల్లబడ్డాక దాన్ని చేలోకి తీసుకెళ్ళాను. తాడు పరిచాను.

"ఇంకెందుకమ్మమ్మా?"

"కొట్టు. ఇయ్యాల నువ్వు బంతిని సూడకు. నాను సూస్తాను. నువ్వు తల దించుకునే కొట్టు."

మొదటివి రెండూ దొర్లాయి. మెడ దాని మాట వినడం లేదు. మూడోదానికి ఎదురుగా గొంతుక్కూర్చుని, బంతి వెనక నేల మీద వేలితో గీత గీశాను. "ఈ గీత సూడు. నాను సెప్పేదాకా దీన్నే సూడు" అని దూరం జరిగాను. అది ఊపిరి బిగబట్టింది. కర్ర దిగింది. తల కదలలేదు. ఎన్నాళ్ళకో ఆ చప్పుడు విన్నాను. బంతి పోయాక కూడా అది గీతనే చూస్తూ ఉంది, బుగ్గలు బిగించుకుని.

"ఇప్పుడెత్తు" అన్నాను.

ఎత్తింది. ముఖం వెలిగిపోతోంది. "లేసింది కదా అమ్మమ్మా? ఎటెల్లింది?"

నేను చూడలేదు. దాని తలనే చూస్తూ ఉండిపోయాను.

"నాను సూడ్నేదే."

ఆ వెలుగు పోవడం నా కళ్ళముందే జరిగింది. కర్ర కింద పడేసి జీడితోటలోకి పరుగెత్తింది. నేను వెనకాలే వెళ్ళేసరికి మోకాళ్ళ మీద కూర్చుని ఆకులు తోడేస్తోంది.

"పోతే పోనీయే" అన్నాను. ఆ మాట నా జన్మలో అనలేదు.

"దొరుకుతాది. నాను ఎతుకుతాను."

"వద్దే. సీమలుంటాయి. రా."

"నువ్వు ఇంటికెల్లిపో అమ్మమ్మా. దొరికినాక వస్తాను."

కోపంగా అనలేదు. నాకు కోపం రాకుండా ఉండడానికి అన్నది. దాని పక్క చెట్టు కింద నేనూ కూర్చుని ఆకులు తీయడం మొదలెట్టాను. నా వీపు దాని వైపు ఉంది. ఎదురుగా ఉంటే ఎప్పటికీ అనలేనని తెలిసి, అలా ఉండగానే అనేశాను.

"తప్పు నాదేనే."

ఎండాకులు గలగలమంటున్నాయి. అది చేతులు ఆపింది. "ఏటమ్మమ్మా?"

మళ్ళీ చెప్పాల్సిన మాట ఒక్కటే. నోటి దాకా వచ్చింది.

"ఏటీ నేదు" అన్నాను. "ఆ సెట్టు మొదట్లో సూడు. అక్కడ ఎతికేవా?"